గొళ్లెం తుపాకి

తస్లీమాకు కోపం ముక్కు మీద ఉంటుందని ఊళ్లో అందరూ అంటారు. అది సరిగ్గా చూడనివాళ్లు అనే మాట. ఆమె కోపం కుడిచేతి చూపుడు వేలి చివర ఉంటుంది. ఎవరితో తగువు వచ్చినా ముందు ఆ వేలు లేస్తుంది, మాట దాని వెనక వస్తుంది. రేషన్ షాపులో తూకం దగ్గర లేచింది, బస్సులో చిల్లర ఎగ్గొట్టిన కండక్టర్ మీద లేచింది, పెళ్లయిన కొత్తలో అత్తగారి మీద కూడా లేచిందట. భర్త ఫర్హాన్ మరిపెడలో వెల్డింగ్ షాపు పెట్టుకున్న నెమ్మదస్తుడు. ఇంట్లో ఆ వేలు లేవగానే ఆయన చెప్పులు వేసుకొని షాపుకు బయలుదేరతాడు. అందుకే ఆయన షాపు మరిపెడలో అందరికంటే ముందు తెరుచుకుంటుంది.

ఆమె సంగతి చెప్పాలంటే తండ్రి దగ్గర మొదలుపెట్టాలి. ఇస్మాయిల్ అంటే దంతాలపల్లికీ మరిపెడకూ మధ్య ఊళ్లలో తెలియనివాళ్లు లేరు. అడవి పందులు కొట్టే మనిషి. మక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళకు వాగు తుప్పల్లోంచి మందలుగా దిగి, తెల్లారేసరికి చేను పండబెట్టి పోతాయవి. తిన్నది కొంచెం, తొక్కింది ఎక్కువ. పంచాయతీ తీర్మానం చేసి, ఫారెస్టువాళ్లు సరేనంటే, లైసెన్సు తుపాకి ఉన్న వేటగాడు వచ్చి కొట్టాలి. ముప్పై ఏళ్లుగా ఆ వేటగాడు ఇస్మాయిలే. పందిని కొట్టడమే తప్ప ఆయన ఏనాడూ దాన్ని ముట్టలేదు. అది పడగానే మొహం తిప్పుకొని గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించేవాడు. దాన్ని ఈడ్చుకుపోయి గొయ్యి తీసి పూడ్చడం, చేలల్లో డబ్బాలు కొట్టి పందుల్ని తోలే లింగ్యా మనుషుల పని. పూడ్చాలని కాగితం మీద ఉంది. గోతిలోకి ఎంత పోయేదో, ఎవరెవరి పొయ్యి మీదికి ఎంత పోయేదో ఇస్మాయిల్ అడగలేదు. అడగలేదు కాబట్టే ఊరందరికీ మంచివాడయ్యాడు.

ఆయనకొక పద్ధతి ఉండేది. పని మొదలుపెట్టే ముందు గట్టు మీద రెండు గుంజలు పాతి మధ్యన తాడు కట్టేవాడు. డబ్బాలు కొట్టుకుంటూ చేలోకి దిగే ప్రతి మనిషీ భుజం మీది తువ్వాల తీసి ఆ తాడు మీద వేయాలి. అవతలి కొస నుంచి అరుస్తూ సగం చేను దాకా వచ్చి, పక్కలకు తప్పుకొని, గట్టు చుట్టూ తిరిగొచ్చి ఎవరి తువ్వాల వాళ్లు తీసుకోవాలి. మోతకు జరిగిన పందులు అప్పటికి చేను ఈ కొసన నక్కి ఉంటాయి. సద్దు మణగగానే గట్టు దాటి వాగు వైపు దూకుతాయి. తాడు ఖాళీ అయితే తప్ప ఇస్మాయిల్ తుపాకిలో తూటా పెట్టడు. ఒకసారి లింగ్యా తమ్ముడు తువ్వాల సంగతి మరిచిపోయి అటునుంచి అటే ఇంటికి పోయి పడుకున్నాడు. అతన్ని లేపి తీసుకొచ్చేదాకా ఇస్మాయిల్ కదల్లేదు. పందులు కళ్లముందే వాగు దాటిపోయాయి. ఊరంతా తిట్టింది. ఆయన బీడీ కాల్చుకున్నాడు.

చిన్నప్పటి నుంచీ ఆ గట్టు మీద తండ్రి పక్కన కూర్చున్నది తస్లీమా. గురి చూడటం, ఊపిరి బిగబట్టడం, చప్పుడు లేకుండా దగ్గును మింగడం అన్నీ ఆయన దగ్గరే నేర్చింది. ఒక్క సంగతి మాత్రం ఆయన నేర్పినా ఆమెకు పట్టుబడలేదు. "కోపంల ట్రిగ్గర్ మీద ఏలు పెట్టకు బేటీ," అనేవాడు. ఆమె సరే అబ్బా అనేది. అన్నంత మాత్రాన వేలు వింటుందా?

చివరి ఏడు ఇస్మాయిల్ పాత జోడునాళీ తుపాకి రవ్వలు ఒక పెద్ద పందిని గాయపరిచాయే గాని పడగొట్టలేదు. అది వెనక్కి తిరిగి లింగ్యా తొడ చీల్చింది. లింగ్యా బతికాడు కాని, ఇప్పటికీ కుంటుతాడు. ఇక ఈ రవ్వల తుపాకి వద్దు, ఒకే తూటాతో పడగొట్టే రైఫిల్ కావాలని ఇస్మాయిల్ అనుకుంటూ ఉండగానే వానాకాలంలో గుండెపోటు వచ్చి పోయాడు. ఆయన పాత తుపాకిని తస్లీమా తెలిసినవాళ్లకు చూపిస్తే, నాళం ఉబ్బింది, పేలిస్తే నీ మొహమే పోతుందన్నారు.

అబ్బా పోయాక ఆ తాడు దగ్గర ఎవరు కూర్చోవాలి? తస్లీమా లెక్కలో అది అసలు ప్రశ్నే కాదు. ఊరికి మాత్రం అదొక్కటే ప్రశ్న అయి కూర్చుంది.

లైసెన్సుకు ఆమె పేరు మీద దరఖాస్తు ఇస్మాయిల్ బతికి ఉండగానే పెట్టించాడు. విచారణకు మానుకోట పిలిచినప్పుడు ఒక ఆఫీసులో ఒక పెద్దమనిషి ఆమెను పైనుంచి కిందికి చూసి, "ఆడమనిషివి, నీకెందుకమ్మా తుపాకి? నీ భర్త ఏం చేస్తడు?" అని అడిగాడు.

"వెల్డింగ్ చేస్తడు సారు," అంది తస్లీమా. "ఆయనకే ఇయ్యున్రి. పందులకు వెల్డింగ్ చేస్తడు."

పక్క బల్ల దగ్గర క్లర్కు నవ్వు ఆపుకోలేక ఫైలు వెనక దాక్కున్నాడు. ఆ నవ్వు వల్లనో, ఫర్హాన్ మళ్లీ మళ్లీ తిరిగి బతిమాలుకోవడం వల్లనో, మొత్తానికి యాసంగి మక్కలు మోకాలెత్తు లేచేసరికి లైసెన్సు చేతికొచ్చింది.

వచ్చిన మర్నాడే పంచాయతీ ఆఫీసుకు రమ్మని కబురు. సర్పంచు సునంద. కుర్చీ ఆమెది, సంతకం ఆమెది, మాట మాత్రం భర్త పురుషోత్తానిది. వాగు ఒడ్డున ఊళ్లో అందరికంటే పెద్ద మక్కచేను కూడా ఆయనదే. సునంద ఒక పక్కన కూర్చుని పెన్ను మూత తీసి పెట్టుకొని ఉంటుంది, ఎప్పుడు చెప్తే అప్పుడు సంతకం పెట్టడానికి.

"తస్లీమా, నువ్వు ఇస్మాయిల్ బిడ్డవు. నిన్ను కాదంటలేను," అని మొదలుపెట్టాడు పురుషోత్తం. "కానీ బిడ్డా, ఆ బోల్టు తుపాకి కొంటనంటున్నవట. దానికి గొళ్లెం ఉంటది. ఒక గుండు పోయినంక గొళ్లెం లేపాలె, ఎనక్కి గుంజాలె, ముందటికి నూకాలె, మళ్ల కిందికి ఒత్తాలె. గప్పటిదాంక పంది నీ కోసం కూసుంటదా? సెమీ ఆటోమేటిక్ తీసుకో. దాంట్ల గుంజుడు లేదు, నూకుడు లేదు. నొక్కుడే. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు పేలుతది."

"పైసలెవ్వలిస్తరు పటేలా?"

"నీకాడున్నయి నువ్వు పెట్టు. తక్కువ పడ్డయి నేనేస్త. దానికి పర్మిషన్ కష్టమంటరు, అది గూడ నేనే సూస్త. ఒక్కటే మాట. పందులు దిగినయంటే ముందుగాల నా చేను కాడికి రావాలె. నాది అయినంకనే ఎవ్వలదన్న."

తస్లీమా వేలు లేచింది. "అంటే తుపాకి నా భుజం మీద, ఏలేమో నీది. గంతే గదా?"

పురుషోత్తం మొహం మాడింది. "గట్లనుకుంటే నీ ఇష్టం. భూపాలపల్లిల ప్రేమ్‌చంద్ అని ఉన్నడు. ఆయనకాడ సెమీ ఉన్నది. ఫోన్ కొడితే పొద్దుగాల దిగుతడు. ఈ ఒక్క యాసంగి నీకిస్తున్న, మీ నాయిన మొకం సూసి. పని కాలేదనుకో, ఇగ ఎప్పటికీ ఆయన్నే పెట్టుకుంటం."

అదీ సంగతి. ఒక్క పంట కాలం. పందులు పడితే ఇస్మాయిల్ తాడు ఆమెది. పడకపోతే భూపాలపల్లి మనిషిది. ముప్పై ఏళ్లు తండ్రి ఆ గట్ల మీద చలికి వణికితే, అతని బిడ్డకు ఇచ్చింది పరీక్ష. ఆమె బయటికి వస్తుంటే సునంద వాకిట్లోకి వచ్చి, "నీకు ఏది నచ్చితే అదే కొనుక్కో తస్లీమా," అంది గొంతు తగ్గించి. తస్లీమాకు ఆమె మీద కూడా మండింది. ఆ మాటేదో లోపల కుర్చీలో కూర్చుని అనరాదా?

చిట్టీ ఎత్తారు, బర్రెను అమ్మారు, జనగామ దాకా బస్సులో పోయి అక్కడ రైలెక్కి హైదరాబాదు పోయారు ఆలుమగలు. తుపాకుల షాపు సేటు లైసెన్సు చేతికి తీసుకొని దాని మీది పేరు చదివాడు. చదివి, ఫర్హాన్ వైపు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఇది కొత్తది భాయ్. ఫ్యాక్టరీ మాల్. బోల్టు. మొరటుగ ఉంటది, బరువు, కానీ చెడిపోయే సామానేం లేదు. ఇగ ఇది..." అంటూ లోపలి నుంచి మెత్తటి గుడ్డలో చుట్టింది తెచ్చాడు. "ఫారిన్ సెమీ. పాతకాలపు నవాబుల ఇంట్ల నుంచి వచ్చింది. లేడీస్ అంటున్నరు కదా, లేడీస్‌కు మొదటి గుండు తప్పుడు కామన్. రెండోది జల్దీ పడాలె."

"లైసెన్సు నాది. నాతోని మాట్లాడు," అంది తస్లీమా.

సేటు ఉలిక్కిపడి ఆమె చేతికే ఇచ్చాడు. ఇక్కడ నిజం చెప్పాలి. ఆమె మనసు సెమీ మీదే పడింది. భుజానికి ఆనించుకోగానే కొలత తీసి కుట్టిన రవికలా అమిరింది. చెక్క నున్నగా, ముదురు రంగులో మెరుస్తోంది. కొత్త బోల్టు తుపాకి దాని పక్కన దూలం ముక్కలా కనిపించింది. గొళ్లెం లాగితే గరగరమంది. సెమీ ఖరీదు మాత్రం రెండింతలు దాటింది. పైగా ప్రత్యేకంగా పర్మిషన్ కావాలట, వస్తుందో రాదో తెలియదట.

ఫర్హాన్ సెమీని అటూ ఇటూ తిప్పి, తన షాపుకొచ్చిన పాత గేటును చూసినట్టు చూశాడు. "సేటు, లోపల స్ప్రింగు ఇరిగితే సామాన్లు ఏడ దొరుకుతయి?"

"దొరుకుతయి, దొరుకుతయి," అన్నాడు సేటు, బయట రోడ్డు వైపు చూస్తూ.

తస్లీమా చాలాసేపు రెండింటి మధ్యా నిలబడింది. చేతిలో ఉన్న డబ్బుకు ఒకటే వస్తుంది. రెండోది రావాలంటే పురుషోత్తానికి ఫోన్ చేయాలి, ఆయన చేను ముందు అని ఒప్పుకోవాలి. ఫోన్ చేయమని ఫర్హాన్ అనలేదు, చేయొద్దనీ అనలేదు. చివరికి ఆమె దూలం ముక్క వైపు వేలు చూపించి, "గదే కట్టు," అంది. అంటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కోపంతో వచ్చిన నీళ్లు. తెలివితో ఎంచుకున్నదని తర్వాత ఊళ్లో కొందరన్నారు గాని, ఆమె బోల్టు తుపాకి కొన్నది డబ్బు చాలక, పురుషోత్తం మీది పంతంతో. తిరుగు ప్రయాణంలో జనగామ వచ్చేదాకా భర్తతో ఒక్క మాట మాట్లాడలేదు. పాపం ఆయన చేసిన తప్పేం లేదు, పక్క సీట్లో ఉన్నాడు, అంతే.

ఇంటికొచ్చాక రోజూ వాకిట్లో తూటా లేకుండా గొళ్లెం లాగడం, నూకడం అలవాటు చేసుకుంది. లేపు, గుంజు, నూకు, ఒత్తు. అంతా అయ్యేదాకా ట్రిగ్గర్ చచ్చిన దానితో సమానం. ఎంత నొక్కినా పలకదు. వాడకం పెరిగేకొద్దీ గరగర తగ్గింది. తల్లి గుల్షన్ బేగం మాత్రం తల పట్టుకుంది. "ఆ గొళ్లెం సప్పుడుకు కోళ్లు గుడ్లు పెట్టుడు బంద్ చేసినయ్ బేటీ. జర ఆపు."

అంతలో పురుషోత్తం కొడుకు దినేశ్ తన పని తాను చేశాడు. ఇంజనీరింగ్ చదివి, ఊళ్లో ఉండి, నాయకుల వెంట ఫొటోలు దిగే కుర్రాడు. తలుపు గొళ్లెం ఫొటో ఒకటి తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద 'మన ఊరి కొత్త రైఫిల్' అని రాశాడు. సాయంత్రానికి చిన్నపిల్లలు కూడా గొళ్లెం తుపాకి అనడం మొదలుపెట్టారు. పాల కేంద్రం దగ్గర ఒకడు, "తస్లీమక్కా, మా ఇంటి తలుపుకు గొళ్లెం ఊడింది, నీది ఇస్తవా?" అన్నాడు. వాడికి ఆమె ఏం జవాబిచ్చిందో ఇక్కడ రాయడానికి వీల్లేదు.

మక్క కంకులు పాలు పోసుకున్నాయి. పందులు దిగాయి. తీర్మానం అయింది, ఫారెస్టువాళ్ల కాగితం వచ్చింది. కాగితంలో మొదటి చేను ఎవరిదని ఉందో చెప్పనక్కర్లేదు. డబ్బివ్వకుండానే పురుషోత్తం మాట నెగ్గించుకున్నాడు. వద్దంటే పరీక్షకు భయపడిందంటారు, పోతే ఆయన పిలిస్తే వచ్చిందంటారు. తస్లీమా రాత్రి అన్నం తినలేదు.

తెల్లవారి, మనిషి మొహం గుర్తుపట్టేంత వెలుతురు రాగానే వాగు ఒడ్డున గుంజలు పాతి తండ్రి తాడే కట్టింది. లింగ్యా కుంటుకుంటూ వచ్చి అందరికంటే ముందు తన తువ్వాల వేశాడు. అతని మనుషులు ఒక్కొక్కరే వేశారు. ఎరుపు గళ్లవి, తెల్లవి, మాసినవి. దినేశ్ ఫోన్ పట్టుకొని, ముదురు ఆకుపచ్చ టీషర్టు వేసుకొని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"దినేశ్ పటేలా, తువ్వాల?" అన్నాడు లింగ్యా.

"నాకు తువ్వాలేడిది కాకా? ప్యాంటు ఇప్పి ఎయ్యన్నా?" అందరూ నవ్వారు.

పురుషోత్తం నవ్వలేదు. "వాడు కూలోడా లింగ్యా, తువ్వాల ఎయ్యనీకి? ఒడ్డు మీదనే ఉంటడు తియ్యి."

తువ్వాల వేసినవాళ్లు తల దించుకున్నారు. తస్లీమాకు ఒళ్లు మండిపోయింది. ఇస్మాయిల్ అయితే రుమాలో, టోపీయో, ఏదో ఒక గుడ్డ ఆ తాడు మీద పడేదాకా తుపాకి సంచి విప్పేవాడు కాదు, ఆమెకది తెలుసు. నోటిదాకా వచ్చింది కూడా. కాని ఆ మాటంటే దినేశ్ మళ్లీ ఏదో కూస్తాడు, పురుషోత్తం మళ్లీ ప్రేమ్‌చంద్ పేరు తీస్తాడు, పొద్దెక్కిపోతుంది. కూలోడా అన్న మాటకు పందిని ఒక్క గుండుకు పడగొట్టి జవాబు చెప్తానని పళ్లు బిగించింది. "పోండ్రి," అంది.

డబ్బాలు మోగాయి. అరుపులు దగ్గరికొచ్చి, సగం చేనులో ఆగి, పక్కలకు చీలిపోయాయి. ఒక్కొక్కరే గట్టు తిరిగొచ్చి తువ్వాలలు తీసుకున్నారు. ఆఖరున లింగ్యా తన తువ్వాల తీసి తలకు చుట్టుకున్నాడు. తాడు ఖాళీ. తస్లీమా తూటా పెట్టి గొళ్లెం ఒత్తింది. మనుషులంతా ఆమె వెనక గట్టు కింద కూర్చున్నారు. పురుషోత్తం మరీ దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఆయన ఊపిరి ఆమె చెవికి వినిపిస్తోంది.

మక్కల మొదళ్లు కదిలాయి. నల్లటి మూతి ఒకటి బయటికొచ్చింది, వెనకే పెద్ద దేహం. ఒంటరి మగపంది.

"వచ్చింది, వచ్చింది. కొట్టు. ఏం సూస్తున్నవ్, కొట్టు!" అన్నాడు పురుషోత్తం గుసగుసగా.

నువ్వెవరు చెప్పడానికి అన్న కోపం తల నుంచి నేరుగా వేలికి దిగింది. తుపాకి పేలింది. పంది ముందర మట్టి లేచింది. అది గిర్రున తిరిగి మళ్లీ చేలోకే దూరింది. ఆకులు ఊగుతున్నాయి. తస్లీమా తుపాకిని ఆ ఊగే ఆకుల వెంట తిప్పింది. తప్పిందన్న సిగ్గు, వెనకాల ఎవడో "ఛ" అన్న చప్పుడు, తలుపు గొళ్లెం ఫొటో, సేటు మాట అన్నీ కలిసి ఒక్కసారిగా మీద పడ్డాయి. ఆకులు బాగా కదిలిన చోట గురిపెట్టి గట్టిగా నొక్కింది.

ఏమీ కాలేదు.

మళ్లీ నొక్కబోయి అప్పుడు గుర్తొచ్చింది, గొళ్లెం లాగలేదు. దీన్ని తగలెయ్య అని తిట్టుకుంటూ చెయ్యి పైకి జరిపి గొళ్లెం లేపింది, గుంజింది. పేలిన తూటా ఖాళీ తొడుగు ఎగిరి పక్కన పడింది. సరిగ్గా అప్పుడే, ఆమె గురిపెట్టిన చోటే, మక్కల మధ్యలోంచి దినేశ్ లేచి నిలబడ్డాడు. చేతిలో ఫోన్. మొహం నిండా నవ్వు.

"పాయె, పాయె! నా పక్కకెంచే ఉరికింది! వీడియో మస్తు వచ్చింది!" అని అరుస్తూ గట్టెక్కాడు. పంది పడేది దగ్గరి నుంచి తీయాలని, అందరూ డబ్బాల హడావిడిలో ఉండగా పక్క నుంచి చేలోకి దూరి మొదటి సాళ్లలో కూర్చున్నాడట.

తస్లీమా గొళ్లెం తెరిచినట్టే ఉంచి తుపాకిని గట్టు మీద పెట్టి, పక్కనే కూలబడింది. ఆమె పరిస్థితి ఎవరూ చూడలేదు. అందరూ దినేశ్ చుట్టూ మూగారు.

"నేను ముందుగాల్నే చెప్పలే?" అన్నాడు పురుషోత్తం ఊరందరికీ వినిపించేలా. "గొళ్లెం గుంజేటాలకు పంది పోతదని చెప్పలే? గదే సెమీ అయితేనా..."

"ఔ బాపు," అన్నాడు దినేశ్ హుషారుగా. "సూడు, ఈడ సూడు. పంది మళ్లింది గదా, అక్క తుపాకి గూడ మళ్లింది. గీడ రెండో గుండు పడాలె. సెమీ అయితే గీడ పడుతుండె!"

ఫోన్ తండ్రి మొహం ముందు పెట్టాడు. పురుషోత్తం కళ్లు చిట్లించి చూశాడు. తెర మీద ఆకులు, ఆకుల సందున గట్టు. తుపాకి పేలింది. పంది ఎదురుగా వచ్చి పక్కకు తప్పుకుంది. తుపాకి మొన మెల్లగా ఇటు తిరిగింది, తిరిగి ఆగింది. తెర మధ్యలో గుండ్రటి నల్లటి చిల్లు, దాని వెనక తస్లీమా కన్ను. చూసేవాడి వైపే సూటిగా.

"గీడ పడుతుండె," అన్నాడు దినేశ్ మళ్లీ.

పురుషోత్తం వేలితో వీడియోను వెనక్కి జరిపి ఇంకోసారి చూశాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

తస్లీమా లేచి వచ్చింది. చూపుడు వేలు లేవలేదు. ఆ చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకొని ఉంది.

"నేను నొక్కిన పటేలా," అంది.

"ఏంది?"

"రెండోసారి నొక్కిన. నీ కొడుకు లెవ్వకముందే. కోపంల గొళ్లెం గుంజుడు మర్సిపోయి నొక్కిన. అది పలకలే." గట్టు మీది తుపాకి వైపు చూసింది. "నువ్వు కొనిస్తనన్న తుపాకి అయితే పలుకుతుండె."

దినేశ్ నవ్వు మొహం మీదే గడ్డకట్టింది. ఫోన్ వైపు చూసుకున్నాడు, తస్లీమా వైపు చూశాడు, తన టీషర్టు వైపు చూసుకున్నాడు.

అప్పుడు తస్లీమాకు కోపం మళ్లీ వచ్చింది. అది అప్పటిదాకా వచ్చిన కోపాల్లాంటిది కాదు. సగం దినేశ్ మీద, సగం తన మీద. "తాడు మీద నీ గుడ్డ లేదని నాకు ఎర్కే. మా అబ్బా అయితే సంచి ఇప్పకపోతుండె. నేను ఇప్పిన. నీ నాయిన మాటకు కోపమొచ్చి ఇప్పిన. థూ, నా బతుకు!" అని మట్టి తీసి నేలకు కొట్టింది. "ప్రేమ్‌చంద్‌నే పిలుసుకోండ్రి. ఆయన వచ్చినా ఈ తాడైతే కట్టుండ్రి. లేకుంటే పందుల లెక్క మనుషుల్ని ఈడ్సాలె లింగ్యా కాక."

లింగ్యా తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి చేతిలో పట్టుకున్నాడు.

పురుషోత్తం తన భుజం మీది జరీ అంచు తెల్ల తువ్వాల తీశాడు. అది లగ్గాలకూ మీటింగులకూ వేసుకునేది. చేను కాడికి కూడా అదే వేసుకొచ్చాడు. దాన్ని కొడుకు మొహం మీదికి విసిరికొట్టాడు.

"ఎయ్యిరా తాడు మీద," అన్నాడు. "అందరి తువ్వాలల పక్కకే ఎయ్యి."

దినేశ్ దాన్ని తాడు మీద వేశాడు. ఒకసారి జారి కింద పడితే మళ్లీ తీసి వేశాడు. లింగ్యా తన తువ్వాల దాని పక్కన వేశాడు, మిగతావాళ్లూ వేశారు. పంది ఇంకా చేలోనే ఉంది. డబ్బాలు తీసుకున్నారు. ఈసారి దినేశ్ కూడా ఒక డబ్బా పట్టుకొని, తలవంచుకొని లింగ్యా వెనక నడిచాడు.

తస్లీమా ఖాళీ తుపాకి ఒళ్లో పెట్టుకొని తండ్రి కూర్చునేట్టే కూర్చుంది. పురుషోత్తం దూరంగా పోయి కూర్చున్నాడు. మోత సగం చేను దాకా వచ్చి ఆగింది. మనుషులు తిరిగొచ్చి తువ్వాలలు తీసుకుంటున్నారు. చివరికి జరీ అంచుది ఒక్కటే మిగిలింది. మక్కల కొసలు మళ్లీ కదిలాయి, పంది మూతి కూడా కనిపించింది. దినేశ్ ఇంకా రాలేదు. వెనక నుంచి కొట్టమని ఎవరూ అనలేదు. దినేశ్ గట్టు చుట్టూ తిరిగి, రొప్పుకుంటూ వచ్చి ఆ తువ్వాల తీసేదాకా తస్లీమా గొళ్లెం వేయలేదు.